అరచేతిలో ఇమిడే అమెరికా పాత పిస్టళ్లు: సేకరణకు సమగ్ర మార్గదర్శి

బల్ల మీద ఒకే మోడల్ పిస్టళ్లు రెండు ఉన్నాయనుకోండి. ఒకటి నికెల్ పూతతో అద్దంలా మెరుస్తోంది. రెండోది మసకబారి, అంచుల్లో పూత అరిగి, సందుల్లో మాత్రం పాత మెరుపు కాస్త మిగిలి ఉంది. కొత్తగా సేకరణ మొదలుపెట్టినవాళ్ల చేయి మొదటిదాని మీదకి, ఆరితేరినవాళ్ల చేయి రెండోదాని మీదకి వెళ్తుంది. మెరిసేది చాలాసార్లు మళ్లీ పూత వేయించినది. మసకబారినది ఫ్యాక్టరీ నుంచి వచ్చాక ఎవరూ చేయి పెట్టనిది. ఈ తేడాను కంటితో పట్టగలగడమే ఈ సేకరణలో అసలు విద్య. కింద చెప్పే ప్రతి అడుగూ దానికోసమే.

మొదటి అడుగు: ఏ దారో తేల్చుకోండి

అమెరికా పాకెట్ పిస్టళ్ల లోకం చాలా పెద్దది. అన్నీ కొందామనుకుంటే ఏదీ బాగా తెలియకుండా పోతుంది. స్థూలంగా మూడు దారులున్నాయి.

పాతది పెర్కషన్ క్యాప్ దారి: మందూ గుండూ విడిగా కూరి, హ్యామర్ (వెనక ఉండే చిన్న సుత్తి) దెబ్బకి నిప్పురాజేసే లోహపు టోపీతో పేల్చేవి. ఫిలడెల్ఫియాలో హెన్రీ డెరింజర్ చేసిన ఒకే తూటా చిన్న పిస్టళ్లు ఇందులో తలమానికం. 1865 ఏప్రిల్ 14 రాత్రి ఫోర్డ్స్ థియేటర్‌లో అబ్రహాం లింకన్ మీద పేలింది వీటిలో ఒకటే. అది ఇప్పటికీ వాషింగ్టన్‌లోని ఆ థియేటర్ మ్యూజియంలోనే ఉంది. ఈథన్ అలెన్ కంపెనీల పెప్పర్‌బాక్స్‌లు (గొట్టాలు గుత్తిగా ఉండి తిరిగే పిస్టళ్లు), 1850 నుంచి 1873 వరకు 3 లక్షలకు పైగా తయారైన కోల్ట్ 1849 పాకెట్ రివాల్వర్ కూడా ఈ దారిలోవే.

రెండోది తొలి రిమ్‌ఫైర్ తూటాల దారి, అంటే అడుగు అంచు మీద కొడితే పేలే తూటాలవి. స్మిత్ అండ్ వెసన్ నంబర్ 1 (1857–1882), క్రిస్టియన్ షార్ప్స్ నాలుగు గొట్టాల పిస్టల్ (1859 పేటెంట్), రెమింగ్టన్ డబుల్ డెరింజర్ (1866–1935), కోల్ట్ డెరింజర్లు మూడు రకాలు ఇందులోకి వస్తాయి (హెన్రీ డెరింజర్ పేరే ఇలాంటి చిన్న పిస్టళ్లన్నిటికీ వాడుకగా స్థిరపడింది). మూడోది 1870, 80 దశకాల్లో హాప్‌కిన్స్ అండ్ అలెన్, ఫోర్‌హ్యాండ్ అండ్ వాడ్స్‌వర్త్, ఐవర్ జాన్సన్ లాంటి కంపెనీలు రకరకాల పేర్లతో వదిలిన చవక రివాల్వర్ల దారి. ట్రిగ్గర్‌కి గార్డు లేకుండా చిన్న ముక్కులా ఉంటుంది కాబట్టి వీటిని స్పర్ ట్రిగ్గర్లు అంటారు.

మొదటి కొనుగోలుకి మా సలహా రెండో దారి. అందులోనూ స్మిత్ అండ్ వెసన్ నంబర్ 1, రెండో ఇష్యూ, అంటే ఆ మోడల్‌లో రెండో విడత. లక్షకు పైగా తయారయ్యాయి కాబట్టి సంతలో దొరుకుతాయి. పోల్చి చూసుకోవడానికి నమూనాలు చాలా ఉంటాయి. తప్పు చేసినా నష్టం భరించగలిగేంతే ఉంటుంది. హెన్రీ డెరింజర్ పిస్టల్‌తో మొదలుపెట్టకండి. దాని నకిలీలు దానంత పాతవి.

రెండో అడుగు: 1898 అనే గీత

అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం 1898లోగానీ అంతకుముందుగానీ తయారైన ఆయుధం ‘యాంటిక్’. దాన్ని చట్టం ‘ఫైర్‌ఆర్మ్’ కింద లెక్కించదు. చూడాల్సింది ఫ్రేమ్ (మిగతా భాగాలన్నీ బిగించే చట్రం) తయారైన తేదీ. అదే మోడల్ 1899లో తయారైతే అది మామూలు తుపాకీయే. అలాంటివి యాభై ఏళ్లు దాటితే ‘క్యూరియో అండ్ రెలిక్’ అనే వర్గంలోకి వస్తాయి. వాటిని సేకరించేవాళ్లకి మూడేళ్లకు 30 డాలర్ల రుసుముతో టైప్ 03 అనే ప్రత్యేక లైసెన్సు ఉంది.

చిక్కంతా గీతకి రెండు వైపులా తయారైన మోడళ్లతోనే. రెమింగ్టన్ డబుల్ డెరింజర్‌నే చూడండి. బ్యారెల్ మీద ‘ఇ. రెమింగ్టన్ అండ్ సన్స్’ అని ఉంటే 1888కి ముందుది, నిస్సందేహంగా యాంటిక్. ‘రెమింగ్టన్ ఆర్మ్స్ యు.ఎం.సి.’ అని ఉంటే 1912 తర్వాతది, యాంటిక్ కాదు. మధ్యలో ‘రెమింగ్టన్ ఆర్మ్స్ కో.’ అని మాత్రమే ఉన్నవి 1888 నుంచి 1911 వరకు నడిచాయి. ఆ ముద్ర ఒక్కదాన్ని బట్టి అది 1895దో 1905దో చెప్పలేం. అమ్మేవాడు ‘యాంటికే’ అన్నంత మాత్రాన నమ్మకండి. రుజువు లేకపోతే ఆధునిక తుపాకీగానే లెక్కించుకుని ఆ పద్ధతిలోనే కొనండి.

అమెరికాలో ఉన్న తెలుగువాళ్లు ప్రత్యేకంగా గమనించాల్సిన సంగతి ఒకటుంది. హెచ్-1బి, ఎఫ్-1 లాంటి నాన్ ఇమిగ్రెంట్ వీసాల మీద ఉన్నవాళ్లు, వేట లైసెన్సు లాంటి కొద్ది మినహాయింపులు తప్ప, తుపాకీగానీ తూటాగానీ దగ్గర పెట్టుకోవడాన్ని ఫెడరల్ చట్టం నిషేధిస్తుంది. 1898లోపు యాంటిక్ ఆ నిర్వచనంలోకి రాదు. కానీ ఆ వెసులుబాటు పిస్టల్‌కే. ముచ్చటపడి దాని పక్కన పెట్టుకునే పాత తూటాల డబ్బాకి అది వర్తిస్తుందనుకోకండి. పైగా రాష్ట్రాల చట్టాలు వేరు. కొన్ని చోట్ల అవి ఫెడరల్ చట్టం కన్నా చాలా కఠినం. కొనకముందే మీ రాష్ట్రంలో ఈ చట్టాలు తెలిసిన లాయర్‌కి ఒక్కసారి ఫీజు కట్టి అడగండి. ఇండియాకి సామాన్లలో పెట్టుకుని రావాలన్న ఆలోచన అసలే వద్దు. 1959 ఆయుధాల చట్టం ప్రకారం దేశంలోకి ఆయుధం తేవాలంటే లైసెన్సు కావాలి. పాతది కదా అన్న మాట విమానాశ్రయంలో పనిచేయదు.

మూడో అడుగు: సంచిలో ఏముండాలి

పది రెట్లు పెద్దదిగా చూపే భూతద్దం, చిన్న ఎల్ఈడీ టార్చి, డిజిటల్ కాలిపర్, గుడ్డ చుట్టిన చిన్న అయస్కాంతం, 6 మిల్లీమీటర్ల లావున్న సన్నటి చెక్క పుల్ల, పెన్సిలు, నైట్రైల్ గ్లవ్స్, అతినీలలోహిత టార్చి. ఇవన్నీ ఒక చిన్న పౌచ్‌లో పడతాయి. స్క్రూడ్రైవర్ తీసుకెళ్లకండి. అమ్మేవాడి బల్ల దగ్గర స్క్రూ తిప్పడం మర్యాద కాదు. ఇంట్లో వాడేందుకు మాత్రం కొస రెండు వైపులా సమానంగా ఉండే గన్‌స్మిత్ స్క్రూడ్రైవర్ల సెట్టు ఒకటి కొనుక్కోండి. మామూలు స్క్రూడ్రైవర్ కొస ఏటవాలుగా ఉండి గాడి పైఅంచుల్ని మాత్రమే పట్టుకుంటుంది, అక్కడే చీలుస్తుంది.

నాలుగో అడుగు: లోడ్ అయి ఉందేమో చూడటం

నూటయాభై ఏళ్ల పిస్టల్ కదా, ఖాళీగానే ఉంటుందనుకోవడం ప్రమాదం. పెర్కషన్ పిస్టళ్లు మందూ గుండూ కూరిన స్థితిలోనే తరాల తరబడి సొరుగుల్లో ఉండిపోయాయి. తుపాకి మందు పొడిగా ఉంటే కాలం దాన్ని నిర్వీర్యం చేయదు.

ముందు నిపుల్ (క్యాప్ తొడిగే చిన్న మొన) మీద క్యాప్ ఉందేమో చూడండి. ఉంటే ముట్టుకోకుండా గన్‌స్మిత్‌కి చెప్పండి. లేకపోతే పిస్టల్‌ని మనుషులు లేని వైపు తిప్పి, చెక్క పుల్లను పక్కనుంచి వేళ్లతో పట్టుకుని బ్యారెల్‌లోకి ఆగేదాకా పంపండి. అరచెయ్యి గొట్టం ముందుకి రాకూడదు. గొట్టం మూతి దగ్గర పుల్ల మీద గీత పెట్టి, పుల్లను బయటికి తీసి బ్యారెల్ పక్కన ఆనించండి. పుల్ల కొస నిపుల్ మొదలు దాకా రావాలి. అంతకన్నా ఒకటి రెండు సెంటీమీటర్లు తక్కువైతే లోపల ఏదో ఉన్నట్టే. అప్పుడు మీరు తీయకండి. రిమ్‌ఫైర్ పిస్టళ్లలో పని సులువు: బ్యారెల్ తెరిచి ప్రతి గదిలోంచీ (తూటా కూర్చునే రంధ్రంలోంచీ) వెలుతురు కనబడుతోందో లేదో చూస్తే చాలు.

ఖాళీ అని తేలాక కూడా ట్రిగ్గర్ ఊరికే నొక్కకండి. రిమ్‌ఫైర్‌లో హ్యామర్ ముక్కు తూటా అంచు మీద పడేలా ఉంటుంది. తూటా లేకపోతే అది గది ఉక్కు అంచునే కొడుతుంది. ఆ దెబ్బకి అంచు నొక్కుకుపోతుంది, ముక్కు విరుగుతుంది. పాత స్ప్రింగులు కూడా అలాగే పోతాయి. హ్యామర్‌ని బొటనవేలితో పట్టి మెల్లగా దించండి. వీటిని పేల్చే ఆలోచన మొత్తానికే మానుకోండి. నాటి ఇనుము నేటి స్మోక్‌లెస్ పౌడర్ ఒత్తిడికి చేసినది కాదు.

అయిదో అడుగు: పూత, అంచులు, అక్షరాలు, స్క్రూలు

ఇక్కడ తొందరపడకండి. ఒక్కో పిస్టల్‌కి కనీసం పదిహేను నిమిషాలు పట్టాలి.

ముందు అంచులు చూడండి. ఎనిమిది పలకల బ్యారెల్ అయితే ప్రతి పలకా పక్కదాన్ని కలిసే గీత కత్తి అంచులా ఉండాలి. మెరుగు చక్రం మీద పెట్టి రుద్దినదానికి ఆ గీతలు సబ్బుబిళ్లలా గుండ్రబడతాయి. తర్వాత అక్షరాలు. ఫ్యాక్టరీలో ముద్ర కొట్టినప్పుడు లోహం అక్షరం చుట్టూ కాస్త ఉబుకుతుంది. భూతద్దంలో అది కనబడుతుంది. రుద్దిన పిస్టల్‌లో అక్షరం ఒక వైపు లోతుగా, మరో వైపు మాసిపోయి ఉంటుంది. స్క్రూ రంధ్రాల అంచులు పళ్లెంలా పల్లానికి దిగి ఉంటే అదీ మెరుగు చక్రం పనే.

నికెల్ పూత అసలుదైతే పెచ్చులుగా లేస్తుంది, లేదా చేయి తగిలే చోట పలచబడుతుంది. తుప్పు గుంటల లోపల కూడా నికెల్ మెరుస్తుంటే, తుప్పు పట్టిన తర్వాత పూత వేశారన్నమాట. స్మిత్ అండ్ వెసన్ నికెల్ పిస్టళ్లలో హ్యామర్, ట్రిగ్గర్ మామూలుగా కేస్ కలర్‌తో, అంటే నీలం గోధుమ రంగుల మరకలతో ఉంటాయి. అవీ నికెల్‌తో మెరుస్తుంటే ఎవరో మొత్తం ఊడదీసి తొట్టిలో ముంచారు. బ్లూయింగ్ (ఉక్కుకి వేసే ముదురు నీలం పూత) అసలుదైతే గోధుమ రంగులోకి మెల్లగా కరుగుతుంది. తుప్పు గుంటల మీద నల్లగా ఒకే తీరున పరుచుకున్న బ్లూయింగ్ తర్వాత వేసినది.

అయస్కాంతం ఇక్కడే పనికొస్తుంది. నంబర్ 1 రెండో ఇష్యూ ఫ్రేమ్ ఇత్తడిది, దాని మీద వెండి పూత. అయస్కాంతం దానికి అతుక్కోకూడదు. వెండి పూత చాలావరకు పోయి ఇత్తడి బయటపడటం మామూలే, దాన్ని లోపం అనుకోకండి. బ్రాసో పెట్టి తోమిన ఇత్తడే లోపం.

స్క్రూ గాడులు తర్వాత. చీలిన గాడి అంటే లోపలికి ఎవరో వెళ్లారు. గాడులన్నీ చెక్కుచెదరకుండా ఉంటే ధర కొంచెం ఎక్కువైనా ఆలోచించండి.

చివరగా నంబర్లు. కోల్ట్ 1849లో సీరియల్ నంబరు ఫ్రేమ్, ట్రిగ్గర్ గార్డు, వెనక పట్టీ, బ్యారెల్, సిలిండర్ మీద ఉంటుంది. అన్నీ ఒకటే కావాలి. నంబర్ 1లో సీరియల్ నంబరు పిడి అడుగున, కుడి గ్రిప్ (పిడి పక్క పలక) లోపలి వైపున ఉంటుంది. బ్యారెల్, సిలిండర్ మీద మాత్రం ఆ నంబరు ఉండదు, ఫ్యాక్టరీలో జత కలపడానికి కొట్టిన అక్షరం ఉంటుంది. అది గ్రిప్ కింద ఫ్రేమ్ మీద ఉన్న అక్షరంతో కలవాలి. ఇది తెలియక చాలామంది ‘నంబర్లు కలవలేదు’ అని మంచి పిస్టల్ వదిలేస్తుంటారు. ‘సెకండ్ క్వాలిటీ’ అన్న అర్థంలో ముద్ర కనబడినా కంగారుపడకండి. చిన్న లోపమున్నవాటిని కంపెనీయే అలా ముద్ర కొట్టి అమ్మింది. ఇప్పుడు వాటిని ప్రత్యేకంగా వెతికేవాళ్లున్నారు.

స్థాయి చెప్పడానికి ఎన్ఆర్ఏ (అమెరికా నేషనల్ రైఫిల్ అసోసియేషన్) పెట్టిన యాంటిక్ కొలమానం అందరూ వాడతారు. అసలు పూత 80 శాతానికి పైగా ఉంటే ఎక్సలెంట్, 30 శాతానికి పైగా ఉంటే ఫైన్, అంతకన్నా తక్కువైతే వెరీ గుడ్. కింది మెట్లు గుడ్, ఫెయిర్, పూర్. అమ్మేవాళ్లు ఒక మెట్టు పెంచి చెప్పడం సహజం. మీరు ఒక మెట్టు దించి లెక్కేసుకోండి.

ఆరో అడుగు: ఏది ఎక్కడ పాడవుతుంది

రెమింగ్టన్ డబుల్ డెరింజర్‌లో ఒకదాని మీద ఒకటిగా ఉండే రెండు బ్యారెళ్లు పైకి తెరుచుకుంటాయి. వాటిని పట్టి ఉంచేవి ఫ్రేమ్ మీది రెండు సన్నటి చెవులు, వాటిలోంచి పోయే ఒక స్క్రూ. ఆ కీలు దగ్గర పగులు ఈ మోడల్‌కి పుట్టుకతో వచ్చిన జబ్బు. భూతద్దంతో రెండు చెవుల్నీ ముందూ వెనకా చూడండి. బ్యారెళ్లు మూసి గొళ్లెం వేసి పక్కలకి కదపండి. వెంట్రుకవాసి ఊగిసలాట పర్వాలేదు, టకటకలాడితే వద్దు. వెల్డింగ్ చేసి నున్నగా రుద్దిన చెవులు కూడా తగులుతాయి. ఆ చోట లోహం రంగు కాస్త వేరుగా ఉంటుంది. పగులు ఉన్నదాని ధర లేనిదాని ధర దరిదాపుల్లోకి కూడా రాకూడదు.

నంబర్ 1లో బ్యారెల్ పైకి మడుచుకుంటుంది. సిలిండర్ చేతిలోకి ఊడి వస్తుంది. బ్యారెల్ అడుగున ఉండే గొళ్లెం అరిగిపోతే బ్యారెల్ దానంతట అదే తెరుచుకుంటుంది. హ్యామర్ ఎత్తినప్పుడు సిలిండర్ గది బ్యారెల్‌కి ఎదురుగా వచ్చి ఆగుతోందా, జారిపోతోందా చూడండి. ఇష్యూ పోల్చడం తేలికే. మొదటిదాని ఫ్రేమ్ పక్కలు గుండ్రంగా ఉంటాయి, రెండోదానివి చదునుగా. మూడోదాని సిలిండర్‌కి గాడులు, బ్యారెల్ గుండ్రం, పిడి పక్షి తలలా వంపు. మొదటి ఇష్యూ పన్నెండు వేలలోపే తయారైంది కాబట్టి ధరలో ఆకాశానికీ భూమికీ ఉన్నంత తేడా.

షార్ప్స్‌లో నాలుగు బ్యారెళ్ల దిమ్మె ముందుకి జరుగుతుంది. హ్యామర్ ఎత్తిన ప్రతిసారీ ఫైరింగ్ పిన్ పావు చుట్టు తిరిగి తర్వాతి గది వైపు చూడాలి. నాలుగుసార్లు ఎత్తి దించి, నాలుగు చోట్లా ఆగుతోందో లేదో చూడండి. గ్రిప్పులు పెళుసు. స్క్రూ చుట్టూ పగుళ్లు వెతకండి.

అలెన్ పెప్పర్‌బాక్స్‌ల కాలాన్ని దాని మీదున్న పేరే చెబుతుంది. అలెన్ అండ్ థర్బర్, నార్విచ్ అని ఉంటే 1842–47. అదే పేరు వూస్టర్‌తో ఉంటే 1847 తర్వాత. అలెన్ అండ్ వీలాక్ అని ఉంటే 1856–65.

ఏడో అడుగు: నకిలీలు

హెన్రీ డెరింజర్ బతికుండగానే ఆయన పిస్టల్‌ని చుట్టుపక్కల వాళ్లంతా కాపీ కొట్టారు. ఫిలడెల్ఫియాలో కొందరైతే జాన్ డెరింజర్ అనే దర్జీ పేరు వాడుకుని ‘జె. డెరింజర్’ అని ముద్ర కొట్టారు. శాన్ ఫ్రాన్సిస్కో వ్యాపారి ఎ.జె. ప్లేట్ మీద డెరింజర్ వేసిన కేసు కాలిఫోర్నియా సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఆనాటి కాపీలకి ఇప్పుడు వాటి విలువ వాటికి ఉంది. భయపడాల్సింది పేరులేని పాత పిస్టల్ మీద ఈమధ్య చెక్కిన ముద్రకి. అసలు ముద్ర లాక్ ప్లేట్ (హ్యామర్ యంత్రాంగాన్ని పట్టి ఉంచే పక్క పలక) మీద, బ్యారెల్ వెనక భాగం మీద ఒకే అచ్చుతో ఉంటుంది. ముద్ర అడుగున కూడా చుట్టూ ఉన్నంత ముదురు రంగే ఉండాలి. గుంటలో లోహం తెల్లగా మెరిస్తే అనుమానించండి.

కోల్ట్ 1849లో మందు కూరే లీవర్ లేని పొట్టి రకాన్ని సేకర్తలు ‘వెల్స్ ఫార్గో’ అంటారు. ఆ రవాణా కంపెనీ వాటిని ప్రత్యేకంగా కొన్నట్టు ఆధారమేమీ లేదు, పేరు మాత్రం ధర పెంచింది. అందుకే మామూలు 1849 బ్యారెల్‌ని కోసి, లీవర్ పీకేసి, దాన్నే ‘వెల్స్ ఫార్గో’ అని అమ్మేస్తుంటారు. బ్యారెల్ అడుగున లీవర్ కోసం చేసిన గాడి, దాన్ని పూడ్చిన గుర్తు ఉందేమో చూడండి.

ఇటలీలో తయారైన కొత్త నమూనాలకి పాతదనం పులిమి అమ్మడం ఇంకో మోసం. వాటి మీద ఇటలీలోని గార్డోనేలో తుపాకీని పరీక్షించి కొట్టే ప్రూఫ్ ముద్రలు, చిన్న పెట్టెలో తయారీ ఏటి అక్షరాలు ఉంటాయి. అవి ఉండాల్సిన చోట లోహం పల్లంగా రుద్ది ఉంటే ఎందుకు రుద్దారో ఆలోచించండి. గ్రిప్పుల మీద అతినీలలోహిత టార్చి వేస్తే ఆధునిక జిగురుతో అతికిన పగుళ్లు చాలావరకు వేరే రంగులో వెలుగుతాయి.

ఎనిమిదో అడుగు: కొనడం

వేలంలో పలికిన ధర మీరు కట్టే ధర కాదు. కొనుగోలుదారు ప్రీమియం (వేలం సంస్థ పాట మీద అదనంగా తీసుకునే మొత్తం) 20 శాతమైతే 1,000 డాలర్ల పాట 1,200 అవుతుంది. పైన పన్ను, రవాణా. పాట పాడేముందే వెనక్కి లెక్కేసుకుని మీ గరిష్ఠ అంకె కాగితం మీద రాసుకోండి. ఫోటోలు చూసి కొనాల్సి వస్తే అయిదు కోణాలు ప్రత్యేకంగా అడగండి: ముద్రల దగ్గరి ఫోటో, స్క్రూలన్నీ, పిడి అడుగు, బ్యారెల్ మూతి, కీలు. పంపనంటే వదిలేయండి. తిరిగిచ్చే గడువు రాతపూర్వకంగా ఉండాలి.

ఖరీదైన కోల్ట్, స్మిత్ అండ్ వెసన్ పిస్టళ్లకి పాత ఫ్యాక్టరీ రికార్డుల నుంచి లేఖ తెప్పించుకోవచ్చు. ఎప్పుడు, ఎవరికి పంపారో అందులో ఉంటుంది. అన్ని మోడళ్ల రికార్డులూ మిగల్లేదు కాబట్టి డబ్బు కట్టేముందు మీ మోడల్‌కి ఉందో లేదో అడగండి.

గ్రిప్పులు ఏనుగు దంతమైతే ఇంకో చిక్కు. 2016 నుంచి ఆఫ్రికా ఏనుగు దంతం వ్యాపారం మీద ఫెడరల్ ఆంక్షలు గట్టిగా ఉన్నాయి. వందేళ్లు దాటిన వస్తువుకి మినహాయింపు ఉంది, దాన్ని రుజువు చేసుకోవాల్సింది మాత్రం మీరే. వయసు రుజువు లేని దంతపు గ్రిప్పుని మొదట్లో దూరంగా పెట్టడమే మంచిది.

తొమ్మిదో అడుగు: ఇంటికి తెచ్చాక

అసలు పూతకి హాని చేసేది ఎక్కువగా ప్రేమే. రుద్దకండి. గ్లవ్స్ వేసుకుని, మెత్తటి నూలుగుడ్డతో దుమ్ము తుడిచి, పలచటి తుపాకీ నూనె ఒక్క చుక్క రాసి, అదనపు నూనె తుడిచేయండి. ఎర్ర తుప్పు చురుగ్గా ఉన్న చోట చొరబడే నూనె వేసి రెండు మూడు రోజులు నాననిచ్చి, కొస చదును చేసిన రాగి ముక్కతో మెల్లగా గీకండి. గోధుమ రంగు పొర దాకా వచ్చి ఆపేయండి. అది తుప్పు కాదు, కాలం వేసిన పూత.

నికెల్ మీద అమ్మోనియా ఉన్న బోర్ క్లీనర్ వాడితే పూత కింద రాగి పొర ఉన్న చోట అది కరిగి నికెల్ రేకులుగా లేచిపోతుంది. రబ్బరు, గట్టాపర్చా (చెట్టు పాలతో చేసే రబ్బరు లాంటి పదార్థం) గ్రిప్పులకి వేడినీళ్లు, ఎండ తగలనివ్వకండి, నలుపు పోయి మట్టి రంగుకి మారతాయి. చివర మైక్రోక్రిస్టలైన్ మైనం పలచగా రాసి, పది నిమిషాల తర్వాత గుడ్డతో తుడవండి. బ్రిటిష్ మ్యూజియంలో రూపొందిన రెనసాన్స్ వ్యాక్స్ దీనికి బాగా పనిచేస్తుంది.

పిస్టల్‌ని దాని పాత వెల్వెట్ పెట్టెలో పెట్టి మరచిపోకండి. వెల్వెట్ తేమ పీల్చుకుంటుంది, ఓక్ చెక్క ఆమ్లపు ఆవిరి వదులుతుంది. తోలు ఒర కూడా అంతే. పెట్టె ఒక అరలో, పిస్టల్ ఆమ్లం లేని కాగితంలో చుట్టి ఇంకో అరలో ఉండనివ్వండి. గాలిలో తేమ 45 నుంచి 50 శాతం మధ్య ఉంచండి. పిల్లలున్న ఇంట్లో యాంటిక్ అయినా తాళం వేసిన సేఫ్‌లోనే ఉండాలి.

ప్రతి పిస్టల్‌కీ ఒక కార్డు రాయండి: మోడల్, సీరియల్ నంబరు, జత అక్షరాలు, కాలిపర్‌తో కొలిచిన బ్యారెల్ పొడవు, పూత శాతం, మీరు చూసిన లోపాలు, కొన్న తేదీ, ధర, ఎవరి దగ్గర కొన్నారో, 1898లోపుదని చెప్పే ఆధారం ఏమిటో. ఆరు వైపులా ఫోటోలు తీసి జతచేయండి. ఒక ప్రతి ఇంట్లోవాళ్లకి తెలిసిన చోట, సేఫ్ బయట ఉంచండి. మీ తర్వాత ఆ సేఫ్ తెరిచేవాళ్లకి ఏది యాంటికో, ఏది లైసెన్సు కావాల్సిందో ఆ కార్డు చూస్తేనే తెలుస్తుంది.